మూడు కొలతల సగటు

పోయిన నెల ఇడుపులపాయలో చదువుకునే పిల్లలు పిలిస్తే వెళ్ళాను. ఉపగ్రహాలతో నేల వేడిని కొలవడం గురించి మాట్లాడమన్నారు. రిటైరయినవాణ్ణి పిలవడానికి వాళ్ళకేం తోచిందో తెలియదు గానీ, వెళ్ళకుండా ఉండడానికి నాకు వేరే పనేం లేదు. మా పాత రిపోర్టులోని ఒక గ్రాఫు తెర మీద వేశాను. అడ్డంగా ఉపగ్రహం చెప్పిన వేడి, నిలువుగా మేం నేల మీద కొలిచిన వేడి. రెండూ కలిస్తే చుక్కలన్నీ ఒకే గీత మీద కూర్చుంటాయి. మావి చాలావరకు బుద్ధిగా కూర్చున్నాయి.

వెనక వరసలోంచి ఒక అమ్మాయి లేచింది. "సార్, అన్నిటికీ ఐదు కొలతల సగటు అని రాసినారు. ఈ ఒక్క చుక్కకు నక్షత్రం గుర్తు పెట్టి, కింద 'మూడు కొలతల సగటు' అని ఉండాది. ఎందుకు సార్? బ్యాటరీ అయిపోయినాదా?"

పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. "అట్లాంటిదే తల్లీ" అని చెప్పి తర్వాతి బొమ్మకు జారుకున్నాను. బస్సులో ప్రొద్దుటూరు చేరేదాకా నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ రోజు ఆ అమ్మాయికి చెప్పాల్సిన జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

మీరిప్పుడు ఫ్యాను కింద కూర్చుని మౌసు నొక్కితే ప్రపంచంలో ఏ మూల నేల ఎంత కాగుతోందో రంగు రంగుల్లో వచ్చేస్తుంది. ఆ రంగుల్ని నమ్మాలంటే ఎవడో ఒకడు ఎండలో నిలబడాలి. నేల నుంచి పైకి లేచే వేడినే ఉపగ్రహం పసిగడుతుంది. మధ్యలో గాలి ఉంటుంది, తేమ ఉంటుంది, ఎర్రనేల ఒక తీరు, నల్లనేల ఒక తీరు. అందుకని అది నెత్తి మీదుగా పోయే ఘడియలోనే కింద ఒక మనిషి అదే నేలను చేత్తో కొలిచి, రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఇలాంటి చోట్లు ప్రపంచమంతా ఉండేవి. అందులో రెండు మా జిల్లాలో పడ్డాయి. ఒకటి పులివెందుల వైపు ఎర్రటి గులకనేల, రెండోది జమ్మలమడుగు అవతల నల్లరేగడి.

మా ఉపగ్రహం పదహారు రోజులకోసారి వచ్చేది. పొద్దున పది గంటల పన్నెండు నిమిషాలకు. ప్రతిసారీ ఎండ ఒకే వాలులో పడాలని దాన్ని అలా తిప్పుతారు కాబట్టి ఆ టైము మారదు. రెండు నేలలూ ఒకే బొమ్మలో పడతాయి. అంటే నేను పులివెందుల వైపు నిలబడితే, సరిగ్గా అదే నిమిషానికి జమ్మలమడుగు వైపు ఇంకొకరు నిలబడాలి.

ముందు నేల సంగతి చెప్పాలి. కిలోమీటరు పొడవు, కిలోమీటరు వెడల్పు ఒకే రకం నేల కావాలి. మధ్యలో పైరు, చెట్టు, ఇల్లు ఏవీ ఉండకూడదు. గులకనేల సులభంగానే దొరికింది. కానీ నల్లరేగడిని ఖాళీగా వదిలే రైతు ఎక్కడుంటాడు? వారాల తరబడి తిరిగాక ఒక ఊరి పొలిమేరలో కనిపించింది. ఊడ్చి పెట్టినట్టు నున్నటి నల్లనేల. గడ్డిపోచ తప్ప ఏమీ లేదు. నాకు నిధి దొరికినంత సంబరమైంది. కోస్తా నుంచి వచ్చిన మా పై అధికారి చూసి, "అద్భుతమైన సైటండీ! ఎలా పట్టారు?" అన్నాడు.

బంగారం లాంటి రేగడిని బీడు ఎందుకు పెట్టారప్పా అని ఏ రైతయినా మొదట అడుగుతాడు. నేను ప్రొద్దుటూరులో బట్టల కొట్టువాడి కొడుకును. పల్లెల్లో కక్షలు మాకు పేపర్లో చదివే సంగతులు. ఆ బీడు మాదంటే మాదని ఊళ్ళో రెండు వర్గాలూ అనేవి. ఒక ఏడు ఒక వర్గం దున్నడానికి మడక కట్టింది, ఒక తల తెగింది. మరో ఏడు రెండో వర్గం కట్టింది, ఇంకో తల తెగింది. ఆ తర్వాత ఎవరూ కట్టలేదు. ఒక వర్గం ఒక పార్టీలో ఉంటే రెండోది ఇంకో పార్టీలో ఉండేది. ఒకరు పార్టీ మారితే ఇద్దరూ ఒకే జెండా కింద ఉండలేక రెండోవాళ్ళూ మారేవాళ్ళు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. మా రిపోర్టులో మాత్రం ఆ నేల గురించి "మానవ ప్రమేయం లేనిది" అని ఉంటుంది. ఆ మాట రాసింది నేనే.

ఇక మనిషి. నలభై దాటినవాడు. గొర్రెలు మేపుకునే ఇంట్లో పుట్టి, తర్వాత కొంచెం మెట్ట చేసుకుంటున్నాడు. ఎనిమిది దాకా చదివాడు. అంకెలు ముత్యాల్లా రాసేవాడు. వయసులో ఒక వర్గం నాయకుడి వెంట తిరిగాడు. ఒక హత్య కేసులో పేరు ఎక్కింది. కోర్టు ఆ కేసు కొట్టేసింది గానీ ఎదుటి వర్గం కొట్టేయలేదు. ఇవన్నీ మొదటి రోజే నాకు చెప్పాడు.

"దాచి పెట్టుకునేది ఏముండాది సార్. తెలిసి పనిలో పెట్టుకుంటే పెట్టుకో, వద్దంటే పోతా" అన్నాడు.

నాకు అంకెలు బాగా రాసేవాడు కావాలి. పెట్టుకున్నాను. కూలీ ఎంతని అతను అడగలేదు. "సార్, నాకొక కార్డు ఇప్పీ. ఫోటో, సీలు ఉండాల" అన్నాడు.

"పదహారు రోజులకొక పూట పని. దానికి కార్డెందుకప్పా?"

"నేనింగ ఎవరి మనిషినీ కాను సార్. ఆఫీసు మనిషిని. ఎవరన్నా అడిగితే చూపీడానికి."

రూల్సు ప్రకారం అలాంటి కార్డు ఏదీ లేదు. అయినా టైపు చేసి, ఫోటో అతికించి, ఆఫీసు ముద్ర గుద్ది ఇచ్చాను. అతను దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. బస్సులో కండక్టరుకు చూపించేవాడు. టీ బంకు దగ్గర చూపించేవాడు. రెండు వర్గాల మధ్య ఒక మూడో చోటు ఉందని, ఆ కార్డు తనను అక్కడికి చేరుస్తుందని నమ్మాడు. నాకు అది నవ్వులాటగా ఉండేది.

మేం నేల కొలిచే పరికరం చూడడానికి అచ్చం తుపాకిలా ఉంటుంది. మీట నొక్కితే వెనక అంకె కనపడుతుంది. మొదటి రోజు బీడు మధ్యలో నిలబడి అతనికి నేర్పిస్తుంటే, దూరంగా గొర్రెలు మేపుకుంటున్న ఒక ముసలాయన మమ్మల్ని చూసి గొర్రెల్ని గాలికి వదిలేసి పక్కనున్న వాగు వంకలోకి దూకాడు. మావాడు కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. "చూడు సార్, ఇన్నేండ్లకు తుపాకి పట్టినా నేల మింద తప్ప ఎవరి మిందా పెట్టల్యాని చెప్పుకుంటా" అన్నాడు. అతను అంతలా నవ్వడం నేను మళ్ళీ చూడలేదు.

నాలుగు నిమిషాలకొకటి చొప్పున ఐదు కొలతలు. మూడోది సరిగ్గా పదీ పన్నెండుకు పడాలి. రేడియో వార్తలతో సరిచేసిన వాచీ ఒకటి, నోటుపుస్తకం ఒకటి ఇచ్చాను. కొన్ని నెలలు పని సాఫీగా సాగింది.

ఆ తర్వాత పంచాయతీ ఎన్నికలు దగ్గర పడ్డాయి. ఎదుటి వర్గం పెద్దమనిషి ఒకాయన ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ళ వీధి మేడ మీద ఉన్న మా ఆఫీసుకు వచ్చాడు. తెల్లటి పంచె, మెత్తటి మాట. టీ తాగాడు.

"ఏం లేదు సార్. పైనుంచి ఫోటోలు తీసి మా బీడును ఆ పార్టీ వాళ్ళ పేర్న ఎక్కిస్తాండారని ఊర్లో అనుకుంటాండారు."

నేను ఓపిగ్గా అంతా చెప్పాను. భూమి వేడెక్కడం, ప్రపంచం, శాస్త్రం. ఆయన తల ఊపుతూ విన్నాడు. "అట్లయితే మంచిదే గదా. ఏ తేదీ, ఏ టయానికి కొలుస్తారో ఊర్లో అందరికీ తెలిసేట్ల చెప్పి చేయండి. దాచేది లేనప్పుడు దాయడమెందుకు?" అన్నాడు.

ఎంత న్యాయమైన మాట అనిపించింది నాకు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి ముందు కూర్చుని నేను నిజాయితీ గురించి ఆలోచిస్తున్నాను. మరుసటి రోజే రెండు తెల్ల కాగితాల మీద ఏడాది మొత్తం తేదీలు స్కెచ్ పెన్నుతో పెద్దక్షరాల్లో రాసి, పక్కన "పొద్దున 10.12" అని రాసి, ఊరికి తీసుకుపోయాను. ఒకటి ఒక వర్గం వీధిలో బస్ షెల్టరుకు, రెండోది రెండో వర్గం వీధిలో బడి గోడకు. ఏ వైపుకూ పక్షపాతం లేకుండా జిగురు పూసి నేనే అంటించాను. ఆ రోజు నా మీద నాకు చాలా గౌరవం కలిగింది.

మావాడు వచ్చి షెల్టరు దగ్గర నిలబడి ఆ కాగితాన్ని పైనుంచి కిందిదాకా చదివాడు.

"సార్, ఈ ఊర్లో పెండ్లికి పోయేటోడు గూడా ఏ బస్సుకు పోతాండాడో చెప్పడు. మీరు నా సంవత్సరమంతా గోడకు అంటించినారు."

"ఏం కాదప్పా. అనుమానాలు పోవాలంటే ఇదే దారి."

"పోనీ ఒక అర్దగంట ముందో యెనకో పోతే కాదా సార్?"

"శాటిలైటు నీ కోసరం ఆగదు" అన్నాను. ఆ మాట అని నేనే నవ్వుకున్నాను కూడా.

రెండు నెలల తర్వాత మా పై అధికారి ఫోన్ చేశాడు. నల్లరేగడి లెక్క ఉపగ్రహం లెక్క కంటే నాలుగు డిగ్రీలు ఎక్కువ వచ్చిందట. పులివెందుల వైపు నేను కొలిచింది సరిగ్గా కలిసింది. అంటే తప్పు అక్కడిది. పొద్దున పది నుంచి పదకొండు మధ్య నల్లనేల నిమిషనిమిషానికీ కాగుతుంది. నాలుగు డిగ్రీలు ఎక్కువంటే మావాడు పదకొండు దగ్గర కొలిచి, పుస్తకంలో పదీ పన్నెండు అని రాశాడన్నమాట. మనిషి అబద్ధాన్ని ఆకాశం నుంచి పట్టుకున్నామని నాకు గర్వం. ఆ గర్వంతోనే బస్సెక్కి ఊరికి పోయాను.

అతను ఒప్పుకున్నాడు. ఆ పొద్దు బీడు గట్టున మోటార్ సైకిల్ మీద ఇద్దరు ఊరుగాని మనుషులు కూర్చుని ఉన్నారట. వాళ్ళు పోయేదాకా వంకలో దాక్కుని తర్వాత వచ్చాడట.

"మరి టైము తప్పు ఎందుకు రాసినావు?"

"టయం తప్పితే నువ్వు కార్డు తీసుకుంటావని."

ఇక్కడ నేను ఆగి ఆలోచించి ఉండాల్సింది. ఆగలేదు. ఆ షెల్టరు కిందే, నేను అంటించిన కాగితం పక్కనే నిలబడి కేకలేశాను. నలుగురూ చూస్తున్నారు. "ప్రాణభయం ఉంటే పని మానుకో. దొంగ లెక్క మాత్రం రాయొద్దు. నీ ఒక్కని భయానికి ప్రపంచం లెక్క చెడిపోవాల్నా?" అన్నాను. అక్షరాలా ఇవే మాటలు. నాకు మతిమరుపు వచ్చిన రోజున కూడా ఇవి మిగిలి ఉంటాయనుకుంటాను.

అతను చొక్కా జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు. "మానుకోను సార్. కార్డు తీసుకోవాకండి. టయానికి పోతా" అన్నాడు.

పోయాడు. తర్వాత నాలుగుసార్లు అతని లెక్కలు ఉపగ్రహంతో దశాంశం దాకా కలిశాయి. మా అధికారి మెచ్చుకున్నాడు. ఆ మెప్పు నేను అతనికి చెప్పాను కూడా.

ఐదోసారి ఎండాకాలం మొదట్లో వచ్చింది. ఆ పొద్దు నేను పులివెందుల వైపు నా నేల మీద ఉన్నాను. ఆకాశంలో వేలెడు మబ్బు లేదు. మాకు అలాంటి ఆకాశం పండగ. మబ్బుంటే పదహారు రోజుల ఎదురుచూపు వృథా. ఐదు కొలతలూ తీసి, పులివెందుల బస్టాండులో తీరిగ్గా టీ తాగి, మధ్యాహ్నం మూడు దాటాక ప్రొద్దుటూరు చేరాను. నేను ఆఫీసులో అడుగుపెట్టిన కాసేపటికే జమ్మలమడుగు నుంచి పోలీసుల ఫోన్. ఒక శవం జేబులో మా ఆఫీసు ముద్ర ఉన్న కార్డు దొరికిందట. పేరు చదివి, మీ మనిషేనా అని అడిగారు. ఆఫీసు మనిషేనని ఆ కార్డు రుజువు చేసింది ఆ ఒక్కసారే.

మూడో కొలత రాసి, నాలుగోదాని కోసం వాచీ చూసుకుంటున్నప్పుడు వచ్చి ఉంటారు. నోటుపుస్తకంలో మూడు వరసలు నిండి ఉన్నాయి. నాలుగో వరసలో "10.16" అని టైము ఉంది, అంకె లేదు. ఊళ్ళో చాలామందికి వెంటనే తెలిసింది. సాక్ష్యం చెప్పాల్సి వస్తుందని ఒక్కరూ అటు పోలేదు. అతని భార్యను చుట్టాలు ఇంట్లో పెట్టి గడియ వేశారు. మూడు గంటలకు పోలీసులు వచ్చేదాకా అతను ఆ నేల మీదే ఉన్నాడు.

స్టేషన్లో ఎస్సై పుస్తకం చూపించి, "ఏందయ్యా ఈ లెక్కలు?" అన్నాడు. చెప్పాను. చెబుతూ చెబుతూ ఆ మూడు అంకెల్నీ నా కాగితం మీదికి ఎక్కించుకున్నాను. ఆ సాయంత్రం మా అధికారి ఫోన్లో చాలాసేపు "అయ్యో, అయ్యో" అన్నాడు. తర్వాత కొంచెం ఆగి, "ఓవర్‌పాస్ టైము రీడింగు, ఆ పదీ పన్నెండుది, ఉందాండీ?" అన్నాడు. ఉందన్నాను. ఆయన్ను తప్పు పట్టను. ఆయన అడగకముందే రాసుకున్నది నేను.

ఎస్సై నన్ను ఇంకో మాట కూడా అడిగాడు. "ఈ టయానికి ఈడ ఒక్కడే ఉంటాడని వాళ్ళకెట్ల తెలిసింటాది?" అప్పటికే గోడల మీద రెండు కాగితాలూ లేవట. ఎవరు పీకారో తెలియదు. తెల్లపంచె పెద్దమనిషి, టీ, ఆ మెత్తటి మాట నా నాలుక చివరిదాకా వచ్చాయి. "నాకేం తెలుసు సార్" అన్నాను. ఊరి జనం శవం దగ్గరికి కూడా పోలేదని అంతకు ముందే నేను మనసులో చీదరించుకున్నాను. నా మాట ఆ జనం మాట కంటే ఏం మెరుగు? కొన్నేళ్ళకు సాక్ష్యం లేదని కేసు పోయింది. ఆ పెద్దమనిషి తర్వాత మంచి పదవిలోకి వచ్చాడు. పార్టీ మాత్రం మారింది.

నెల తర్వాత అతని భార్య, ఆమె తమ్ముడు మా మేడ మెట్లెక్కి వచ్చారు. తమ్ముడు నిలబడే మాట్లాడాడు.

"సార్, ఆ టయానికి మీ శాటిలైటు మా బావ నెత్తి మిందనే ఉన్యాది గదా. ఫోటో తీసింటాది గదా. ఎవరెవరుండారో చూపీ."

బొమ్మ తీసి బల్ల మీద పరిచాను. బూడిద రంగు గడులు. వేడి బొమ్మలో ఒక్కో గడి నూరు మీటర్ల పైమాటేనని, వాళ్ళ బీడు మొత్తం అరచేతిలో సగం కూడా లేదని, ఇందులో మనిషి కనపడడని చెప్పాను.

"మనిషి కనపడని దానికి మనిషినెందుకు నిలబెట్టినారు సార్?" అన్నాడు. ఆ బొమ్మ వైపు ఇంకోసారి చూసి, దడదడా మెట్లు దిగిపోయాడు.

ఆమె పోలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడింది. ఏడుస్తుందేమో, తిడుతుందేమో అనుకున్నాను. రెంటికీ సిద్ధంగానే ఉన్నాను.

"ఆ పొద్దు ఎంత వచ్చిండ్య సార్?" అంది.

అర్థం కాలేదు. "ఏందమ్మా?"

"నేల. ప్రతిసారీ ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కోకముందే చెప్తాండె, ఈ పొద్దు నేల ఇంత కాలతాందని. ఆ పొద్దు చెప్పకుండ్య పాయె. ఎంతో చెప్పు సార్."

ఆ అంకె నాకు తెలుసు. దశాంశంతో సహా తెలుసు. ఆ నేల మీద అతను ఎన్ని గంటలున్నాడో కూడా తెలుసు. ఇరవై ఏళ్ళ పైన ఉద్యోగంలో ఒక్క అంకె తప్పు రాయనివాణ్ణి, ఒక మనిషి తప్పు రాస్తే నడివీధిలో కేకలేసినవాణ్ణి, ఆమె ముఖం చూడలేక, "ఆ పొద్దు తక్కువేనమ్మా. మబ్బు పట్టి ఉండింది. నేల చల్లగానే ఉండింది" అన్నాను.

ఆమె నా వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో.

"ఆ పొద్దు నేను మిద్దె మింద మిరక్కాయలు ఎండబోసింటి సార్" అంది.

కింద వీధిలో ఆటోల చప్పుడు వినిపిస్తోంది. నేను తల వంచుకుని అంకె చెప్పాను. "నలభై ఎనిమిది."

"దానికి ముందుసారి నలభై ఆరు" అంది ఆమె. "రెండు ఎక్కువ." కొంగు సర్దుకుని, పట్టుకోవడానికి గోడ వెతుక్కుంటూ మెట్లు దిగింది.

రిపోర్టు వేసేటప్పుడు ఆ చుక్కను తీసేద్దామా అని మా అధికారి అడిగాడు. ఉంచుదామన్నాను. కింద ఏమని రాయాలన్నాడు. "మూడు కొలతల సగటు" అని రాశాను. నిజమే కదా.

కొన్ని నెలలకు పోలీసులు పరికరాన్ని తిరిగి ఇచ్చారు. పిడి దగ్గర నల్లమన్ను అలాగే అంటుకుని ఉంది. ఆఫీసులో బల్ల మీద పెట్టి, ఊరికే మీట నొక్కి చూశాను. మా గచ్చు ఎంత వేడిగా ఉందో వెంటనే చెప్పింది. బ్యాటరీ అయిపోలేదు తల్లీ.